నిమ్మకాయ చాటున నిద్రించిన బటన్

స్వస్తి! పసుపురాశులు కనకగిరులై నిలిచి వచ్చిపోవువారినెల్ల తుమ్మించు ఫాల్గుణమాసమున, ఇందూరని పెద్దలు పిలుచుకొను నిజామాబాదు పురవరమున, మార్కెట్‌యార్డు ఎదుటి మేడగదిలో, మాక్లూరు వంశాబ్ధిచంద్రిక, కీబోర్డుతాడనప్రచండ, మౌసాయుధధారిణియగు సవిత చక్రాలకుర్చీ అను రథమునధిష్ఠించి ఘోరసమరమొనర్చుచుండెను.

సమరకారణము వినుడు. పసుపుమిల్లు యజమానురాలు శ్యామలమ్మకై సవిత కట్టిన వెబ్‌సైటులో ‘కొనండి’ అను పీతవర్ణపు బటన్ కలదు. మౌసు బాణము తన మీదికి వచ్చినంతనే అది కాషాయకాంతి దాల్చి వెంట్రుకవాసి పైకి లేవవలెను. నిన్న లేచెను, నేడు లేవదు. వెబ్‌సైటు తెరచు ముహూర్తము పన్నెండింటికి, గడియారమున పదకొండున్నర! పైగా సవిత పేరుతో వెలువడు తొలి వెబ్‌సైటు ఇదియే.

రంగు మార్చెను, వేగము మార్చెను, బ్రౌజరు మూసి తెరచెను. బటన్ మాత్రము అలిగిన అల్లునివలె కదలక కూర్చుండెను. అంత నా వీరాంగన స్క్రీనువంక చూచి యిట్లు పలికెను:

"నిన్ను గుండ్రంగ చెక్కిన, నీడ పెట్టిన, రంగేసిన. గింత లేవమంటె లేవవా?"

అప్పుడే కొబ్బరికాయల సంచితో మెట్లెక్కి వచ్చిన శ్యామలమ్మ సంగతి విని తలపంకించి, "దిష్టి తగిలింది బిడ్డా. గందుకే పొద్దుగాల నిమ్మకాయ కట్టుమన్న" అనెను.

నిమ్మకాయ! సవిత కనుబొమలు ధనుస్సులైనవి. శ్యామలమ్మ కోరికపై ఉదయమే తాను పేజీ పైమూలన నిమ్మకాయ, ఏడు మిరపకాయల బొమ్మ వ్రేలాడగట్టెను. కాయ కనబడునది అంగుళమే. దాని చుట్టూ కత్తిరింపక విడిచిన కంటికానని ఖాళీపొర మాత్రము పేజీనెల్ల దుప్పటివలె కప్పియుండెను. బాణము పొరకే తగులుచుండగా పాపము బటన్ కేమి తెలియును?

తీసివేయుదుననగా, నిమ్మకాయ లేని ముహూర్తమే వలదని శ్యామలమ్మ భీష్మించెను. అంత సవిత, "కనబడుము, బాణమునకు అడ్డుపడకుము" అని ఆ బొమ్మను శాసించు ఒక్క కోడు పంక్తిని వ్రాసి మౌసు కదిపెను.

బటన్ కాషాయమాయెను. లేచెను.

"సూసినవా, నిమ్మకాయ పనిచేసింది" అని శ్యామలమ్మ స్క్రీనుకు దండము పెట్టెను.

నిజము సవిత నాలుక చివరివరకు వచ్చి, ఆ ముఖములోని సంతోషము చూచి వెనుదిరిగెను. "అవునవ్వా" అనెను.

సరిగా పన్నెండింటికి కొబ్బరికాయ పగిలెను. ఇట్లు ఇందూరుపురమున బటన్ తెరమీది రెండు చుక్కల ఎత్తు లేచిన మహావిజయము సవితకును, తత్కీర్తి యావత్తు అడ్డుపడిన నిమ్మకాయకును దక్కెను!