పెద్దల జోక్యం లేని శనివారం

"పెద్దల జోక్యం ఏమాత్రం లేకుండా, యువతే ఆలోచించి, యువతే నిర్వహించే కార్యక్రమం ఈ శనివారం మన జిల్లాలో జరగబోతోంది. దాని పర్యవేక్షణకి ఏడుగురు పెద్దలతో ఒక కమిటీ వేస్తున్నాను."

జిల్లా ఉపాధికారి ఒముర్‌బెక్ జుమాబాయెవిచ్ గారు ఈ మాటలు అన్నప్పుడు నేను కెమెరాతో ఎదురుగానే ఉన్నాను. పద్దెనిమిదేళ్లుగా మా తలాస్ లోయ పత్రికకి ఫోటోలు తీస్తున్నాను. మొదటి వాక్యం నుంచి రెండో వాక్యానికి అంత దూరం తొణక్కుండా దూకిన మనిషిని అంతకుముందు చూడలేదు.

సంగతి చాలా చిన్నగా మొదలైంది.

మందుల షాపులో పనిచేసే మీరిమ్‌కి ఇరవై మూడేళ్లు. వడ్రంగి తాలాయ్‌కి ఇరవై ఐదు. వాళ్లూ, ఇంకో పదిమంది స్నేహితులూ వేసవంతా కూర్చుని గ్రంథాలయం వెనక గదిని బాగుచేసుకున్నారు. చెత్త మోశారు, సున్నం వేశారు, పొయ్యి గొట్టం అతికారు. కిటికీకి ఒక అద్దం మాత్రం పగిలిపోయి ఉంది. ఆ కొలత అద్దం ఊళ్లో దొరకలేదు.

ఇంతలో ఆ గది ఉపాధికారి గారి దృష్టిలో పడింది. ఆఫీసులో విరిగిన కుర్చీలు పెట్టుకోడానికి సోమవారం నుంచి కావాలన్నారు. గ్రంథాలయం చూసే జానిల్ ఎజే, అందరికీ పెద్దక్క లాంటిది, పిల్లల్ని పిలిచి ఒక దారి చెప్పింది. గది ఖాళీగా ఉందంటేనే తీసుకుంటారు. శనివారం ఒక పోటీ పెట్టండి, ఆయన సంతకం తెండి, ఆడినవాళ్ల పేర్లతో 'వాడుకలో ఉంది' అని రిజిస్టర్‌లో రాస్తాను అంది.

మీరిమ్ ఒక కాగితం మీద ప్లాన్ వేసింది. ఆట, మా తొమ్మిది గుంటల ఆట. బల్లకి అటు తొమ్మిది గుంటలు, ఇటు తొమ్మిది, గుంటకి తొమ్మిది గింజలు. ఆరు బల్లలు తాలాయ్ చెక్కాడు. పన్నెండు మంది ఆటగాళ్లు, మూడు గంటలు, టీ. మొత్తం గింజలు తొమ్మిది వందల డెబ్బై రెండు. చిక్కుడు పండించే ఊరు కాబట్టి గింజలకి కరువు లేదు. పుచ్చులు తీసేసి, ఒకే సైజువి ఏరి, రెండుసార్లు లెక్కపెట్టింది. ఆ కాగితం కింద రెండు కోరికలు రాసింది. ఒక సంతకం. ఒక అద్దం.

దురదృష్టం ఏమిటంటే ఆయన దాన్ని చదివారు.

అంతకంటే దురదృష్టం, అదే టేబుల్ మీద పైనుంచి వచ్చిన సర్క్యులర్ ఉంది. ప్రతి జిల్లాలో యువత స్వయంగా ఒక కార్యక్రమం జరపాలి, రిపోర్ట్‌తో పాటు ఫోటోలు తప్పనిసరి.

"పన్నెండు మందేనా?" అన్నారు.

"ఆరు బల్లలే ఉన్నాయి, బైకే." బైకే అంటే అన్నగారనే. ఆయన వయసుకి అది మీరిమ్ చూపించిన దయ.

"చూడమ్మాయ్. పన్నెండు మందితో చేస్తే దాన్ని ఆట అంటారు. రెండొందల మందితో చేస్తే కార్యక్రమం అంటారు."

"గదిలో పన్నెండు మందే పడతారు."

"గదిలో ఎవరు చెయ్యమన్నారు?"

తాలాయ్ అద్దం సంగతి గుర్తుచేశాడు. ఆయన పెన్ను తీసి, 'పరిశీలనలో ఉంది' అని స్వహస్తాలతో రాశారు. సంతకం కార్యక్రమం అయ్యాక పెడతానన్నారు.

కమిటీ సగటు వయసు అరవై మూడు. అందులో అందరికన్నా చిన్నవారు ఉపాధికారి గారే, యాభై ఆరు. అందుచేత యువజన ప్రతినిధి బాధ్యత కూడా ఆయనే స్వీకరించక తప్పలేదు. అందరికన్నా పెద్ద కాసిమాలీ తాత. ఎనభై నాలుగేళ్లు, జీవితమంతా గొర్రెలు కాసిన మనిషి. ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశారు. మూడు మీటింగుల్లో ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు కాబట్టి తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా నడిచాయి.

రెండో మీటింగ్‌కి మీరిమ్‌ని ప్రత్యేకంగా పిలిచారు. టీ పొయ్యడానికి.

గ్రంథాలయం ముందు ఉన్నిగుడారం వెయ్యాలని, రెండు గొర్రెల్ని కొయ్యాలని, ముఖ్య అతిథులకి పట్టు అంగీలు కప్పాలని ఆ రోజు తీర్మానించారు. నాలుగో తీర్మానం ఆఖర్న వచ్చింది. ఈ యువజన స్ఫూర్తి ఆరిపోకూడదంటే కమిటీకి ఒక శాశ్వత కార్యాలయం ఉండాలి. గ్రంథాలయం వెనక గదికి కొత్తగా సున్నం కూడా వేసి ఉంది. విరిగిన కుర్చీలని ఇంకెక్కడైనా పెట్టొచ్చు.

మీరిమ్ చేతిలో కూజా ఉంది. ఒక్క చుక్క కింద పడలేదు.

బయటికొచ్చి తాలాయ్‌కి చెప్పింది. అతను, మానేద్దాం, బల్లలు మా ఇంటికి పట్టుకుపోతా అన్నాడు.

"మానేస్తే రిజిస్టర్‌లో ఏం ఉంటుంది? ఏమీ జరగలేదని ఉంటుంది," అంది మీరిమ్. "ఆడదాం. పన్నెండు పేర్లు రాయిద్దాం. తర్వాత సంగతి తర్వాత."

శనివారం వచ్చింది. గుడారం మీద బ్యానర్: 'మా కార్యక్రమం, మా చేతుల్లో'. లోపల పద్ధతి ప్రకారం కూర్చున్నారు. తలుపుకి ఎదురుగా ఉన్న పెద్దపీట కాసిమాలీ తాతది. అక్కణ్ణుంచి వయసు తగ్గేకొద్దీ అటూ ఇటూ దిగుతూ వస్తారు. అందరికన్నా చిన్నవాళ్లు తలుపు దగ్గర. వచ్చింది రెండొందల మంది, అందులో ఈ పన్నెండు మందే అందరికన్నా చిన్నవాళ్లు. లెక్క ప్రకారం వాళ్ల చోటు గుమ్మానికి రెండడుగులు బయట పడింది. చిన్నవాళ్లే వడ్డించాలనేది కూడా మా పద్ధతే. ఆ రకంగా కార్యక్రమం నిజంగానే యువత చేతుల మీదుగా నడిచింది.

పదకొండింటికి తాలాయ్ పరిగెత్తుకొచ్చాడు. "మీరిమ్, గింజల సంచి ఏది?"

"గదిలో గుమ్మం పక్కన పెట్టాను కదా."

ఇద్దరూ మెల్లగా వంట పొయ్యి వైపు చూశారు. కమిటీ పెట్టిన వంటామె గరిటె తిప్పుతోంది. ఇంత శ్రద్ధగా ఏరిన గింజలు ఏ పెళ్లిలోనూ తన చేతికి రాలేదని, ఒక్క పుచ్చు లేదని మెచ్చుకుంది.

ఉపాధికారి గారు ఆ చిక్కుడు సూప్ రెండోసారి అడిగి పోయించుకున్నారు. ఏమిటి దీని ప్రత్యేకత అన్నారు.

"తొమ్మిది వందల డెబ్బై రెండులో నూట అరవై రెండు తక్కువ, బైకే," అంది మీరిమ్.

ఆయన తల ఊపి, నోట్ చేసుకోమని నాకు చెప్పారు.

ఆ నూట అరవై రెండూ గుడారం మధ్యలో ప్రారంభోత్సవం బల్ల మీద ఉన్నాయి. వాటిని పొద్దున్నే పేర్చారు కాబట్టి బతికాయి. ఆయన ఒక ఎత్తు వెయ్యాలి, నేను ఫోటో తియ్యాలి, ప్రసంగం మొదలవ్వాలి. ఎదుటి ఆటగాడు వయసు ప్రకారం కాసిమాలీ తాత. ఉపాధికారి గారు నాలుగు గింజలు చల్లి లేవబోయారు.

"కూర్చో," అన్నాడు తాత. మూడు మీటింగుల తర్వాత అది ఆయన మొదటి మాట. "ఆట మొదలుపెట్టి మధ్యలో లేచేదేమిటి?"

ఎనభై నాలుగేళ్ల మనిషి కూర్చోమన్నాక మా దగ్గర గవర్నరైనా కూర్చోవాలి. పెద్దాయన మీద గెలిస్తే మర్యాద కాదు. రెండొందల మంది ముందు ఓడితే హోదా కాదు. నా అనుభవంలో అధికారి ఇంత ఇరుకున పడటం అరుదు. అదృష్టవశాత్తూ ఆయనకి ఆట రాదు కాబట్టి ఎంచుకోవాల్సిన అవసరం రాలేదు.

మీరిమ్ తాత గిన్నెలో టీ పోసింది. తాత గుంటలు చూస్తూనే అడిగాడు. "నీకు ఆట వచ్చా?"

"వచ్చు, తాతా."

"మరి నువ్వు టీ పోస్తున్నావేం? ఇది ఎవరి పోటీ?"

"మాదే."

"మీకేం కావాలి?"

"ఆ వెనక గది. అంతే."

తాత గిన్నె అందుకుని, ఒకే ఎత్తులో పద్నాలుగు గింజలు పట్టుకుపోయాడు. ఉపాధికారి గారు వేలితో గుంటలు లెక్కపెట్టుకుంటూ ఉండటం వల్ల వాళ్ల మాటలు వినలేదు.

ఆట ఇరవై నిమిషాల్లో ముగిసింది. ప్రసంగం నలభై నిమిషాల్లో ముగిసింది. యువతకి ఈ జిల్లా ఇస్తున్న కానుకగా ఆ గదిని సోమవారం నుంచి కమిటీ వాడుకుంటుందని ఆయన ప్రకటించగానే చప్పట్లు మోగాయి. గుమ్మం బయట తాలాయ్ చేతిలో ఉన్న కూజాని నేల మీద పెట్టేశాడు.

ఇక మిగిలింది పెద్దాయన దీవెన. అది అయితేనే విందు అయినట్టు. దాని మీద ఇంకెవరూ మాట్లాడకూడదు, తథాస్తు అన్నట్టు ఓమిన్ అనడం తప్ప. అందరూ అరచేతులు తెరిచి ముందుకి చాపారు. ప్రసంగం వల్లా, మాంసం వల్లా అలసిన ఉపాధికారి గారు కళ్లు మూసుకున్నారు.

తాత నింపాదిగా మొదలుపెట్టాడు. వానలు పడాలి. మందలు పెరగాలి. చిక్కుడుకి ధర రావాలి. కోడళ్లు సుఖంగా ఉండాలి. అదే గొంతుతో, అదే నడకలో, "ఆ వెనక గది ఈ పన్నెండు మంది పిల్లలది కావాలి. తాళంచెవి ఈ అమ్మాయి చేతిలో ఉండాలి. మాట తప్పినవాడి ఇంట పొయ్యి చల్లారాలి. ఓమిన్."

"ఓమిన్!" రెండొందల గొంతులు. రెండొందల జతల చేతులు ముఖాల మీంచి కిందికి జారాయి. ఉపాధికారి గారి చేతులు ముఖం మీద ఉన్నప్పుడు నేను కెమెరా నొక్కాను. అవి గడ్డం దాకా దిగేసరికి ఆయన కళ్లు తెరుచుకున్నాయి.

"చివర్లో ఏదో అన్నాడే?" అని పక్కాయన్ని మెల్లగా అడిగారు. పక్కాయన చెప్పాడు.

"నేను ఓమిన్ అన్నానా?"

"అందరికన్నా గట్టిగా అన్నారు."

అతిథులు వెళ్లిపోయాక పన్నెండు మందీ గుడారం వెనక నేలలో గుంటలు తవ్వి, గులకరాళ్లతో మూడు గంటలు ఆడారు. జానిల్ ఎజే రిజిస్టర్‌ని అక్కడికే తెచ్చి ఒళ్లో పెట్టుకుని పేర్లు రాసింది. తాలాయ్ గెలిచాడు. మీరిమ్ ఇప్పటికీ ఒప్పుకోదు.

మంగళవారం మొదటి పేజీకి ఫోటో కావాలన్నారు ఎడిటర్. ఉపాధికారి గారు కదలకుండా ఉన్న ఫోటో నా దగ్గర ఒక్కటే ఉంది. చేతుల్లో ముఖం దాచుకున్నది. కింద వాక్యం ఎడిటర్ రాశారు: 'యువతకి గది అప్పగిస్తూ కన్నీళ్లు ఆపుకోలేకపోయిన ఉపాధికారి'.

గురువారం పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. శుక్రవారం ఆయన నాకు ఫోన్ చేశారు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆ ఫోటోని పెద్దది చేయించి, దళసరి అట్టకి అతికించి, పైన ప్లాస్టిక్ వేయించి, ఆ గదిలో ఊరంతా చూసే చోట పెట్టించమన్నారు. ఖర్చు ఆయనదే.

నేనే మోసుకెళ్లాను. ఆరు బల్లల దగ్గరా ఆట నడుస్తోంది. పెద్దపీట లేదు కాబట్టి కాసిమాలీ తాత తలుపు పక్కన కూర్చుని తన వంతు కోసం చూస్తున్నాడు. లోపల చలిగా ఉంది.

"అద్దం వచ్చిందా?" అని అడిగాను.

"పరిశీలనలో ఉంది, బైకే," అంది మీరిమ్.

తాలాయ్ టేపు తీసి ఫోటోని కొలిచాడు. కిటికీని కొలిచాడు. అంచు ఒక వేలెడు కోశాడు.

ముఖం వీధి వైపుకే పెట్టాడు. ఊరంతా చూస్తున్నారు. లోపలికి గాలి రావడం లేదు.