కాదనే సర్వరు

ఆ రోజు ఉదయం ప్రతాప్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే కాలేజీకి చేరాలి, సర్వరుకు కావలి పెట్టాలి, తనిఖీకి వచ్చే అధికారికి చూపించాలి, సాయంత్రం ఇంటికొచ్చి భార్య రేవతితో "ఉద్యోగం పర్మనెంటయింది" అని చెప్పాలి. పళ్లు తోముకుంటూ ఆ చివరి వాక్యాన్ని గంభీరంగా ఒకసారి, ఏమీ పట్టనట్టు ఒకసారి అని చూసుకున్నాడు. రెండోదే బాగుందనిపించింది.

"బండి యాడ?" బైరాగిపట్టెడలోని అద్దె ఇంటి గుమ్మంలో నిలబడి రేవతి అడిగింది.

"ఎదురింటాయన అడిగినాడు. రేణిగుంటలో ఎవరినో రైలెక్కించాలంట."

"ఈ పొద్దు గూడా ఇచ్చేసినావా? లేదు అనే మాట నీ నోట్లో పుట్టనే పుట్టదా?"

"ఇంక నుంచి నా బదులు సర్వరు చెప్తాది," అని నవ్వి, ప్రతాప్ షేర్ ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాడు.

ఎవరైనా ఏదైనా అడిగితే, ఆ మాట ప్రతాప్ మనసుకు చేరకముందే అతని తల ఊగేది. దీన్ని అందరూ మంచితనం అనేవాళ్లు. అతనికి మాత్రం అనుమానం ఉండేది. కాదు అనాలంటే అనడానికి లోపల ఒక మనిషి ఉండాలి. తలుపు తట్టి చూస్తే లోపల ఎవరూ లేరని తేలుతుందేమోనన్న భయంతోనే తలుపు ఎప్పుడూ తెరిచి పెట్టుకున్నానేమో అనుకునేవాడు. ఆటోలో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నప్పుడు ఇలాంటి ఆలోచనలు అతనికి హాయిగా వచ్చేవి.

చంద్రగిరి రోడ్డులో ఉన్న ఆ ఇంజనీరింగు కాలేజీలో సర్వరు ప్రధాన పాస్‌వర్డు అందరికీ తెలుసు. అడిగిన వాళ్లందరికీ సర్వరు చూసుకునే ప్రతాపే చెప్పాడు. క్యాంటీను వాడికి కూడా తెలుసు, వాడు ఎందుకడిగాడో ఎవరికీ తెలియదు. ఇప్పుడు కాలేజీకి ఆన్‌లైన్ పరీక్షల కేంద్రం రావాలంటే విశ్వవిద్యాలయం ఒక షరతు పెట్టింది: విద్యార్థుల పాస్‌వర్డులు సరిచూసే ప్రోగ్రామును ఎవరూ, చివరికి సర్వరు అధికారి కూడా, కదిలించలేని ఏర్పాటు ఉండాలి. కేంద్రం వస్తే ప్రతాప్ ఉద్యోగం ఖాయం. పర్మనెంటు చేసే కాగితం కాలేజీ నడిపే కరస్పాండెంటు రాజారత్నం బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తోంది.

ఏర్పాటు సర్వరును నడిపే లినక్సులోనే ఉంది, సెలినక్స్ అనే కావలి. సర్వరులోని ప్రతి ఫైలుకూ ప్రతి ప్రోగ్రాముకూ అది ఒక చీటీ అంటిస్తుంది. పాస్‌వర్డులు సరిచూసే ప్రోగ్రాము తన చీటీకి సరిపడిన ఫైలునే చదవగలదు. ఆ ఫైలును ఇంకెవరూ ముట్టుకోలేరు. ప్రధాన పాస్‌వర్డు చేతిలో ఉన్నా చీటీ కలవకపోతే లేదంటే లేదు. దాని నియమాలు రాస్తున్నన్నాళ్లూ ప్రతాప్‌కు ఒంట్లో ఏదో తేలికదనం. తను జీవితంలో చెప్పని కాదులన్నీ వరసగా కూర్చుని రాస్తున్నట్టుండేది.

ఈ సంగతి రాజారత్నానికి వివరించడమే అతను చేసిన పొరపాటు.

రాజారత్నానికి పొద్దున లేస్తే కొండమీది దర్శనానికి సిఫారసు ఉత్తరాల కోసం ఫోన్లు. ఊళ్లో ఏ తలుపైనా ఎవరో ఒకరి మాటతో తెరుచుకుంటుందని నమ్మిన మనిషి. సిఫారసు పనిచెయ్యని తలుపు ఒకటుందని వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఎవురొచ్చినా?"

"ఎవరొచ్చినా సార్."

"నేనొచ్చినా?"

"మీరొచ్చినా సార్. చీటీ ఉంటేనే."

"అబ్బా, ఇది మిషనుకే ఎందుకప్పా, మనుషులకీ పెడదాం! అధికారి చూసి నోరెళ్లబెట్టాల!"

ప్రతాప్ తల ఎప్పటిలాగే ఊగింది.

ఆ ఉదయం అతను సర్వరు గదిలో కూర్చుని విద్యార్థుల పాస్‌వర్డుల ఫైలును తన సొంత ఫోల్డరు నుంచి అసలు చోటికి మార్చి, కావలిని మేల్కొలిపి, తృప్తిగా బయటికొచ్చాడు. ఈలోగా కారిడార్‌లో లోకం మారిపోయింది. అందరి మెడల్లో అట్టముక్కలు వేలాడుతున్నాయి. సర్వరు గది ముందు వాచ్‌మన్ కాశిం సాహెబ్ కుర్చీ వేసుకున్నాడు. టైపిస్టు మహిత ప్రతాప్ మెడలో కూడా ఒక చీటీ వేసింది. దాని మీద 'ల్యాబ్' అని ఉంది.

ల్యాబ్‌లోకెళ్లి విద్యార్థి పేరుతో ఒక కంప్యూటరు తెరవబోయాడు. అనుమతి లేదంది. పక్కదీ అదే మాట. తన సొంత పేరు కొట్టాడు. లేదు. ప్రధాన పాస్‌వర్డు కొట్టాడు. లేదు. కాదనడం నేర్పితే సర్వరు అందరికంటే ముందు నేర్పినవాడికే కాదంది. లోలోపల ఎక్కడో అతనికి కొంచెం గర్వంగా కూడా అనిపించింది. మరుక్షణం తనిఖీ గుర్తొచ్చింది.

సర్వరు గదిలో తను తెరిచిపెట్టి వచ్చిన తెర ఉంది. అక్కడికెళితే సరిచేయొచ్చు. పరుగున వెళ్లాడు. కాశిం సాహెబ్ కాలు అడ్డం పెట్టాడు.

"చీటీ చూపీ అబ్బా."

"సాహెబ్, నేనే కదా!"

"నువ్వేలే. ల్యాబ్ అని ఉండాది. ఇది ల్యాబా?"

ప్రతాప్ మహిత దగ్గరికి పరుగెత్తాడు. "సర్వరు గది చీటీ ఎవరికిచ్చినావు?"

"చెంగమ్మకి."

"చిమ్మే చెంగమ్మకా!"

"ఆ గదిలోకి దినామూ పొయ్యేదెవరని సార్ అడిగినాడు. చెంగమ్మే కదన్నా."

"మరి నేను?"

"నువ్వు ఎవరు పిలిస్తే ఆడికి పోతాంటావు. నీకు యాడని రాసేదన్నా?" మహిత నిజంగానే అడిగింది.

కొత్త చీటీ రాయమనేలోపు కారు వచ్చి ఆగింది. విశ్వవిద్యాలయం అధికారి గంగాధరం దిగాడు. రాజారత్నం ఆయన్ని నేరుగా సర్వరు గది దగ్గరికే తీసుకొచ్చాడు.

"మా దగ్గర సిఫారసుల్లేవు సార్. ఈ తలుపులో నన్ను గూడా పోనియ్యరు."

గంగాధరం ఎన్నో కాలేజీలు చూసినవాడు. "అట్లనా? పోండి, చూస్తాను," అన్నాడు.

రాజారత్నం చిరునవ్వుతో అడుగేశాడు. కాశిం సాహెబ్ కాలు చాపాడు.

"కుదర్దు సార్."

"భేష్!" అని రాజారత్నం అతని భుజం తట్టాడు. "ఈ చీటీలు ఈ పొద్దంతా మార్చేది గూడా లేదు సార్. రాసింది రాసిందే!"

ప్రతాప్ కళ్లు మూసుకున్నాడు. రాజారత్నం చెవి దగ్గరికి వంగి సంగతి చెప్పాడు. రాజారత్నం చిరునవ్వు ముఖం మీదే ఉండిపోయి గట్టిపడింది. ప్రతాప్‌ను పక్కకి లాగాడు.

"కాలేజీ మొత్తానికి ఒక్క కంప్యూటరూ తెరుచుకోదా?"

"తెరుచుకోదు సార్. గదిలోకి చెంగమ్మ ఒక్కతే పోగలదు."

"అయితే కిటికీలోంచి ఆమెకి చెప్పి ఆ కావలిని ఆపెయ్. ఒక్క మాట కొడితే ఆగిపోతాదని నువ్వే అంటివి గదా!"

అది నిజం. సర్వరు గదిలోని ఆ తెర మీద ఒక్క చిన్న ఆదేశంతో కావలి నిద్రపోతుంది, కంప్యూటర్లన్నీ తెరుచుకుంటాయి, అధికారికి తెలియను కూడా తెలియదు. ప్రతాప్ తల ఊగడానికి సిద్ధమైంది. అది ఊగుతుందని అతనూ ఎదురుచూశాడు. ఊగలేదు.

"లేదు సార్."

"ఏందీ?"

"ఆపను. తప్పు యాడుందో కనుక్కుని సరిచేస్తా."

"నీ కాగితం నా బల్లమీద ఉండాది, తెలుసునా?"

"తెలుసు సార్," అన్నాడు ప్రతాప్. లోపల ఎవరో నిలబడి ఉన్నారు. ఆ మనిషితో అతనికి అదే మొదటి పరిచయం.

తప్పు ఎక్కడుందో ఆ క్షణంలోనే తట్టింది. ఫైలును నకలు చేసి పెడితే కొత్త చోటి చీటీ వచ్చేది. తను తొందరలో దాన్ని ఉన్నపళంగా జరిపాడు. కాపురం మారినా అది తన సొంత ఫోల్డరు చీటీతోనే కూర్చుంది. కావలి దాన్ని పరాయిదనుకుంది. చోటికి తగ్గ చీటీ తిరిగి వేయించే ఆదేశం ఒకటుంది. కొంచెం పొడుగు, అంతే.

చెంగమ్మ మెడలో చీటీతో, చేతిలో చీపురుతో కాశిం సాహెబ్‌ను దాటి లోపలికెళ్లింది. ప్రతాప్ కిటికీ అద్దం జరిపి చువ్వలు పట్టుకున్నాడు. గంగాధరం ఆసక్తిగా వెనక నిలబడ్డాడు.

"చెంగమ్మా, అంకెల కింద వరసుంది చూడు. ఎడంపక్క నుంచి నాలుగోది నొక్కు."

"నొక్కినా నాయనా."

"దాని ఎడంపక్కది."

"నొక్కినా."

"దాని కిందది, రవ్వంత ఎడంగా ఉండేది."

"ఈడంతా దుమ్ముండాది నాయనా, ఉండు." చెంగమ్మ కొంగుతో మీటలన్నీ శుభ్రంగా తుడిచింది. తెర నిండా అక్షరాలు పారాయి.

"తుడవద్దమ్మా!" అని రాజారత్నం అరిచాడు.

"తుడవకపోతే నిన్న నువ్వే గదా సామీ తిట్టినావు?" అని చెంగమ్మ అంతకంటే గట్టిగా అడిగింది.

మళ్లీ మొదటి నుంచి. ఒక్కో అక్షరం, ఒక్కో "నొక్కినా". చివరికి పెద్ద మీట. ల్యాబ్‌లోంచి మహిత కేక వినపడింది: "అన్నా! తెరుచుకున్నాయి!"

గంగాధరం ల్యాబ్‌లో కూర్చుని విద్యార్థిగా లోపలికి వెళ్లాడు, వెళ్లనిచ్చింది. ప్రధాన పాస్‌వర్డు అడిగి, దాంతో పాస్‌వర్డుల ఫైలు తెరవబోయాడు, తెరవనివ్వలేదు. ఎన్ని రకాలుగా ప్రయత్నించినా అదే మాట.

"నేను పోయిన ప్రతిచోటా తనిఖీ రాంగానే ఈ కావలిని ఆపేస్తారు," అన్నాడాయన లేస్తూ. "ఆపనన్నోణ్ణి ఇప్పుడే చూసినా. సర్వరు గది ముందర మీ మాటలన్నీ వినపడినాయిలెండి." రాజారత్నం తానూ మొదటి నుంచి అదే చెబుతున్నట్టు తల ఊపాడు.

వారంలో ఉత్తరం వచ్చింది. కాలేజీకి పరీక్షా కేంద్రం ఇచ్చారు. ప్రతాప్ కాగితం మీద సంతకమైంది. రేవతికి ఆ వాక్యం అతను ఏమీ పట్టనట్టు చెప్పబోయి, గంభీరంగా ముగించాడు. అయితే ఉత్తరంలో ఒక షరతు కూడా ఉంది: తనిఖీ నాడు చూపించిన భద్రతా ఏర్పాట్లలో ఏ మార్పూ చేయరాదు, సర్వరు గది ప్రవేశంతో సహా.

ప్రతాప్ ఇప్పుడు చెంగమ్మ చీటీ అడిగి మెడలో వేసుకుని సర్వరు గదిలోకి దినమూ వెళ్తున్నాడు, చెంగమ్మ కుదరదన్న రోజుల్లో తప్ప.