కుక్కలుండగా మునిసిపాలిటీ దేనికి?

మునిసిపాలిటీ అనేది ఒక దురలవాటు! సిగరెట్టులాగే, అలవాటు పడ్డవాళ్ళు అది లేకపోతే బతకలేమనుకుంటారు. నేను మానేసి చాలా కాలమైంది. ఇంత హాయిగా ఎప్పుడూ లేను.

పట్నం దాటాక, తారు రోడ్డు మనసు మార్చుకుని మట్టి రోడ్డయిపోయే చోట మా తోట, అందులో మా ఇల్లు. నేనూ, మా ఆవిడా, కుక్కలూ ఉంటాం. ఎన్ని కుక్కలని మాత్రం అడక్కండి. లెక్కపెట్టడం మొదలుపెడితే, లెక్కయిపోయినవి తోకాడించుకుంటూ వచ్చి మళ్ళీ చివర నిలబడతాయి.

వీధి దీపం లేదంటారా? దారిలో ఎవరొస్తున్నారో చూడటానికే కదండీ దీపం! మాకు చూడాల్సిన పనే లేదు, అరుపును బట్టి చెప్పేస్తాను. బీపీ అనే నల్లకుక్క ఊపిరి తీసుకోకుండా అరిస్తే కొత్తవాళ్ళు. చైర్మన్ అనే ముసలి కుక్క కుర్చీ దిగకుండా ఒక్కసారి భౌమంటే పాలవాడు. అన్నీ కలిసి గేటు మీద పడితే మా బావమరిది. బావమరిది వస్తున్నాడని ముందే చెప్పి, పెరటి వైపు నుంచి జారుకోవడానికి టైమిచ్చే వీధి దీపం మీ వీధిలో ఒక్కటైనా ఉందా?

కుళాయి లేదంటారా? పట్నంలో నా స్నేహితుడొకడు నీళ్ళొచ్చే టైమని పెళ్ళిళ్ళు కూడా మానేస్తాడు. మాకా బానిసత్వం లేదు. బావి ఉంది. నేను తోడుకున్నంతసేపూ చైర్మన్ పక్కన కూర్చుని చూస్తూ ఉంటాడు. పని చేసేవాడు ఒకడు, కూర్చుని చూసే పై అధికారి ఒకడు! ఇంక మునిసిపాలిటీకి తక్కువేమిటి?

ఇక చెత్త. ఇక్కడే నాకూ మా ఆవిడకీ చిన్న అభిప్రాయభేదం. చెత్త బండి మా దాకా రాదు. ఈ రోడ్డు మీదికొస్తే బండి పాడైపోతుందట. పట్నంలో మా ఆవిడకి కుట్టు షాపుంది. రోజూ పొద్దున్నే స్కూటరు హ్యాండిలుకి ఒక పక్క కుట్టిన బట్టల సంచీ, ఇంకో పక్క చెత్త సంచీ తగిలించుకుని బయల్దేరుతుంది. పట్నం మొదట్లో ఉన్న కుండీలో చెత్త పడేసి షాపుకి పోతుంది. చెత్తకి స్కూటరు మీద షికారు! మీ పట్నంలో చెత్తకి ఇంత మర్యాద జరుగుతుందా?

పోయిన వారం ఏం జరిగిందంటే, డాక్టరమ్మ కూతురికి కుట్టిన కొత్త గౌను కుండీలోకి వెళ్ళింది. డాక్టరమ్మ చేతికి మా ఉల్లిపాయ తొక్కలూ గుడ్డు పెంకులూ వెళ్ళాయి. ఆవిడ సంచీ విప్పింది కూడా ఎక్కడనుకున్నారు? ఆస్పత్రి వరండాలో, పేషెంట్లందరి ముందూ!

ఆ సాయంత్రం మా ఆవిడ నాతో చాలా నెమ్మదిగా మాట్లాడింది. అరుపులకి నేను భయపడను, కుక్కల పుణ్యమా అని అలవాటైపోయింది. నెమ్మదిగా మాట్లాడితేనే నాకు భయం.

"ఏవండీ, చెత్త బండన్నా రావాలి, నేనన్నా పోవాలి. షాపు వెనకాల గదుంది, నేనక్కడుంటా. మీరూ మీ కుక్కలూ ఇక్కడ ఏలుకోండి."

ఎన్ని కుక్కలున్నా, ఇంట్లో నా మాటకి ఎదురు చెప్పేది ఆవిడొక్కతే. ఆవిడ కూడా వెళ్ళిపోతే నేననేదంతా కరెక్టే అయిపోదూ! అంత ఒంటరితనం నావల్ల కాదు.

మర్నాడే మునిసిపల్ ఆఫీసుకి పరుగెత్తి ఇన్‌స్పెక్టరుగారి కాళ్ళావేళ్ళా పడ్డాను.

"సరేనండీ, వచ్చి చూస్తాను. నిజంగా చెత్తుంటే బండి పంపిస్తా," అన్నారాయన.

అదిగో, మా మర్యాదే మా కొంప ముంచింది. ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడంటే మా ఆవిడ ఊరుకుంటుందా? గేటు నుంచి బావి దాకా చీపురు పెట్టి అద్దంలా ఊడ్చింది. ఉన్న చెత్తంతా స్కూటరు మీద ట్రిప్పులేసి పట్నానికి మోసింది. నేను కుక్కలన్నిటికీ సబ్బు పెట్టి స్నానాలు చేయించాను. ఆయన చూడటానికి వస్తున్నది ఆ చెత్తనేనని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు!

ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు, చుట్టూ చూశారు, టీ తాగారు, చైర్మన్ తల నిమిరారు.

"ఎంత శుభ్రంగా ఉందమ్మా! మా ఆఫీసే ఇలా ఉండదు. మీకింక బండెందుకు?" అనేసి వెళ్ళిపోయారు.

మా ఆవిడ నా వంక చూసింది. నేను కుక్కల వంక చూశాను. ఆవిడ లోపలికెళ్ళి పెట్టె సర్దుకుంది.

పెట్టెతో గేటు దాకా వచ్చేసరికి, దుమ్ము లేపుకుంటూ ఓ బండి వచ్చి ఆగింది. మునిసిపాలిటీ బండి! నాకు ప్రాణం లేచొచ్చింది. డ్రైవరు దిగి వెనక తలుపు తీశాడు. అందులోంచి బిక్కుబిక్కుమంటూ ఓ గోధుమరంగు కుక్కా, దాని పిల్లలూ దిగాయి.

"మార్కెట్టు వీధిలో జనం గోల పెడుతున్నారమ్మా. ఎప్పట్లాగే మీ గేటు దగ్గర వదిలి రమ్మన్నారు. ఎప్పుడూ మీరు లేనప్పుడు వదిలేసి పోతుంటాం, ఏమనుకోకండి," అన్నాడు.

ఇన్నాళ్ళూ గేటు దగ్గర కొత్త కుక్క కనబడినప్పుడల్లా, నా మంచితనం విని వచ్చిందనుకుని మురిసిపోయాను!

"ఈ రోడ్డు మీద బండి రాదన్నారుగా?" అంది మా ఆవిడ.

"చెత్త బండి రాదమ్మా. ఇది కుక్కల బండి."

"చెత్త బండి కూడా అచ్చం ఇలాగే ఉంటుందే?"

"బండి ఒకటేనమ్మా. పొద్దున చెత్తకి, మధ్యాహ్నం కుక్కలకి."

మా ఆవిడ పెట్టె కింద పెట్టింది. నా మీద జాలితో కాదు, ఆ తల్లికుక్కకి నీళ్ళు పెట్టడానికి.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మునిసిపాలిటీ మాకేమీ చెయ్యలేదని ఇకమీదట నేననను. మీరొద్దనుకున్న ప్రతి కుక్కనీ క్షేమంగా మా గుమ్మంలోకి చేర్చింది. మంచిదే, పెంచుకుంటాం. అవీ ప్రాణులే, మాకేం బాధ లేదు. కానీ ఒక్క మనవి. ఆ బండి మా దాకా నిండుగా వస్తోంది, వెనక్కి ఖాళీగా పోతోంది. పోయేటప్పుడు మా చెత్త సంచీ కూడా వేసుకుపొమ్మని మీలో ఎవరైనా ఆ ఆఫీసులో ఓ మాట చెప్పండి.

కాస్త తొందరగా చెప్పండి. మా ఆవిడ ఇంకా పెట్టె విప్పలేదు.