లక్ష్మప్ప కొలిచిన చవక చిప్పుల సమరం

కార్పాస రాశులకు కాణాచియై, లారీ హారన్ల మంగళధ్వానాలతో అహోరాత్రాలు మార్మోగే ఆదోని మహాపట్టణంలో, ఒకానొక బుధవారం సాయంత్రం నాలుగు గంటల శుభముహూర్తాన, భూమండలంలోని చవక చిప్పుల రాజ్యం కోసం రక్తరహిత సంగ్రామం సాగిస్తున్న నీలి చీటీ, ఎర్ర చీటీ అంటించుకున్న చిప్పు చక్రవర్తులు ఒక కంప్యూటర్ షాపు కౌంటరు మీద చెరొక ల్యాప్‌టాపును మోహరించి ఉండగా, ముప్పై ఏళ్లుగా మగ్గపు గుంటలో తపస్సు చేస్తున్న లక్ష్మప్ప, పెన్‌డ్రైవ్‌ధారిణియైన కూతురు సుకన్యతో ఎమ్మిగనూరు బస్సు దిగి వచ్చాడు.

వచ్చిన పని చిన్నదేమీ కాదు. సుకన్య గీసిన రుద్రాక్షల చీర అంచు బెంగళూరు వ్యాపారికి నచ్చింది. అయితే వెడల్పు రెండు వేళ్లు తగ్గించి ఐదు గంటల్లోపు పంపమన్నాడు. అది విన్నట్టే ఇంట్లోని ముసలి కంప్యూటరు కన్నుమూసింది; కొత్తది కొనక తప్పలేదు. ఐదు దాటితే మగ్గం మీదికి మళ్లీ పరాయివాళ్ల డిజైనే ఎక్కుతుంది. ఒక్క చీరైనా కూతురు గీసింది నేయాలని లక్ష్మప్పకు చెప్పలేనంత ఆశగా ఉంది.

నీలి సేనాని, ప్రచండవాగ్విలాసుడు, సేల్స్‌మన్ వీరేష్ ముందుకు దూకాడు. “పెద్దాయనా, మా చిప్పులో నాలుగు కోర్లుండాయి. నాలుగు ఏనుగులనుకో. ఎదుటోడు నిలబడేదుందా?”

“ఏనుగుల్ని మేపలేక సస్తావన్నా,” అన్నాడు ఎర్ర సేనాని దినేష్. “మాది గుర్రం. కూసోమన్నా కూసోదు.”

“మాటలు సాలు లేప్పా,” అన్నాడు లక్ష్మప్ప. “రెండిట్లో ఒగేసారి మా పిల్ల డిజైను తెరవండి. నేను నాడె విసురుతా లెక్కేస్తా.”

గడియారాన్ని నమ్మని ఆ మగ్గమహారథి స్టూలు మీద ఆసీనుడై, లేని మగ్గం పలకలను కాళ్లతో తొక్కుతూ, పోగు మోసే లేని నాడెను ఈ చేతి నుంచి ఆ చేతికి విసరసాగాడు. తెరల మీద చిన్న చక్రాలు తిరిగాయి గాని ఎవరి తలా తెగలేదు. ఇరవై రెండో విసురుకు దినేష్ అతని మోచేతికి తగిలాడు. లక్ష్మప్ప ఠక్కున ఆగి, వంగి, లేని పోగు కొసలు వెతికి పట్టుకున్నాడు.

“నాయనా, ఏం చేస్తాండావు?” అంది సుకన్య.

“పోగు తెగిందిమ్మా. ముడేయకుంటే ఎట్ల?”

ముడివేసిన సమయం లెక్కలోకి వస్తుందని ఒక సేనాని, రాదని మరొక సేనాని ధర్మసూక్ష్మాలు తీస్తుండగా, ఇరవై మూడో విసురుకు ఎర్ర చీటీ తెర మీద రుద్రాక్షల అంచు బారుగా విచ్చుకుంది. నీలి తెర ఇరవై నాలుగుకు మేలుకుంది. సుకన్య ఎవరి తీర్పూ అడగలేదు. ముందు తెరుచుకున్న ఎర్ర చీటీదానికే ఫోన్ నెట్టు కలిపి, అంచు తగ్గించి, ఐదుకు ఆరు నిమిషాల ముందు పంపేసింది. “బాగుంది, నేయండి” అని జవాబు వచ్చింది. లక్ష్మప్ప కళ్లు తుడుచుకున్నాడు.

దినేష్ ల్యాప్‌టాపు మూయబోతే లక్ష్మప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

“మూయొద్దప్పా. బట్ట నేస్తాండంగా మగ్గం విప్పేస్తారా యాడన్నా? అట్లే ఇయ్యి.”

డబ్బు పుచ్చుకొని అట్లే ఇచ్చారు. కావున సమస్త ప్రజలకూ చాటింపు: చవక చిప్పుల ఘోరసమరంలో ఒక్క నాడె విసురు తేడాతో వైరిని గెలిచిన ఎర్ర చీటీ చక్రవర్తి, ఎమ్మిగనూరు బస్సులో కిటికీ పక్క సీటున, లక్ష్మప్ప ఒడి వెడల్పు గల రాజ్యానికి పట్టాభిషిక్తుడై, ఛార్జింగు ఉన్నంతకాలం, అంటే సగం దారి దాకా, నిష్కంటకంగా పాలించాడు.