చికెన్ సలాడ్ దొంగకు జేజేలు!

ప్రతి ఆఫీసు ఫ్రిజ్‌కూ ఒక దొంగ ఉండి తీరాలి! లేని ఆఫీసులు వెంటనే ఒకణ్ణి నియమించుకోవాలని నా మనవి.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

మా ఆఫీసు మూడో అంతస్తులో, జిరాక్స్ మెషీన్ పక్కన ఒక ఫ్రిజ్ ఉంది. అందులో నేను పెట్టుకున్న చికెన్ సలాడ్ శాండ్‌విచ్ మొదటిసారి మాయమైన రోజున, అజ్ఞానం కొద్దీ నేనూ మండిపడ్డాను. ఖాళీ డబ్బా మూత మీద ఒక పసుపు చీటీ అంటించి ఉంది: "చికెన్ పిప్పిలా ఉంది. ఉప్పు చాలలేదు."

తిన్నది కాక, పైగా వంకలా? అంటారు మీరు. నేనూ అన్నాను. కానీ గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పండి, మీ వంట తిని ఇంత శ్రద్ధగా ఒక మాట చెప్పినవాళ్లు ఈమధ్య ఎవరైనా ఉన్నారా? మా ఇంట్లో అందరూ ఫోన్లు చూస్తూ తింటారు. ఏం తిన్నారని అడిగితే చెయ్యి వాసన చూసుకుని చెబుతారు!

మర్నాడు చికెన్‌ను కుతకుతలాడించడం మానేశాను. సన్నని సెగ మీద ఉడకనిచ్చి, ఆ నీళ్లలోనే చల్లార్చి, చేత్తో పీచులుగా విడదీశాను. "మెత్తబడింది. ఉల్లిపాయ మరీ ఘాటు!" అని చీటీ వచ్చింది. ఉల్లి ముక్కల్ని నిమ్మరసంలో నానబెట్టాను. "కరకరలాడేది ఏదీ?" అన్నది తర్వాతి చీటీ. యాపిల్ ముక్కలు, వేయించిన బాదం పలుకులు చేర్చాను.

ఒకరోజు చికెన్ ఉడికిన నీళ్లను పొయ్యి మీదే మర్చిపోయాను. చూసేసరికి అడుగున రెండు చెంచాల చిక్కటి రసం మిగిలింది. పారబొయ్యడానికి మనసొప్పక మయొనైజ్‌లో కలిపేశాను. ఆ రోజు చీటీలో ఏముందో తెలుసా? "అమోఘం! ఎలా చేశావో వివరంగా రాసిపెట్టు."

సిగ్గు విడిచి చెబుతున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగు పేజీలు రాసి డబ్బాలో పెట్టాను.

మా ఆవిడ మాత్రం తల పట్టుకుంది.

"మీకేమన్నా పిచ్చా? పొద్దున్నే లేచి దొంగకి క్యారేజీ కడతారా?"

"దొంగ అనకే. గురువు అను."

"మరి మీరేం తింటున్నారు?"

"బిస్కెట్లు."

చూశారా, ఇంకో లాభం! నాలుగు కిలోలు తగ్గాను. డబ్బులు కట్టి మరీ ట్రెడ్‌మిల్ మీద ఉన్నచోటే పరిగెత్తేవాళ్లను చూస్తే జాలేస్తోంది.

ఇక మొన్న శుక్రవారం మా ఆఫీసు వార్షికోత్సవం. ఎవరికి వారు ఇంట్లో చేసినదేదైనా తీసుకురావాలన్నారు. మా మేనేజరుగారు పెద్ద ట్రే నిండా శాండ్‌విచ్‌లు తెచ్చారు. ఒకటి కొరికాను. నిమ్మరసంలో నానిన ఉల్లి. యాపిల్. బాదం. వాటి వెనకాలే, మెల్లగా, ఆ ఇగిరిన రసం!

"ఇదెలా తట్టింది సార్?" అని టైపిస్టు నోరు తెరిచింది.

"ఏముందమ్మా! ఒకరోజు చికెన్ ఉడికిన నీళ్లు పొయ్యి మీదే మర్చిపోయాను. పారబొయ్యడానికి మనసొప్పలేదు" అన్నారాయన, వినయంగా.

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. కాస్త గట్టిగానే కొట్టాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ అగ్గి మీద గుగ్గిలమైంది. "ఆయనేనా? ఇంతమందిలో పట్టుబడ్డాడు కదా, మరి మీరేమన్నారు?"

"రెసిపీ అడిగాను. చెప్పారు. రాసుకున్నాను."

ఆవిడ మళ్లీ తల పట్టుకుంది.

పాపం, ఆవిడకు ఆఫీసు సంగతులు తెలియవు. పదకొండేళ్లుగా నేను రాసిచ్చిన ప్రతి రిపోర్టునూ హెడ్డాఫీసు మెచ్చుకోగానే, మేనేజరుగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, అందులో ఏముందో ఓపిగ్గా వివరిస్తూనే ఉన్నారు.

సందేహాలుంటే అడగమంటారు కూడా!