తుంగపై దండయాత్ర

గ్రీష్మప్రతాపము చల్లారి, తొలకరి మేఘములు నాలుగు చినుకులు రాల్చగా, ఎండకు పండుబారిన గరిక మరల పచ్చపచ్చగా ప్రాణము పోసికొనుచున్న ఆ శుభసమయమున, తూర్పున పక్కింటివారు బట్టలారవేయు తీగయు, పడమర పగిలిన కుళాయితొట్టియు, ఉత్తరమున వీధి గేటును, దక్షిణమున వంటింటి గుమ్మమును ఎల్లలుగా ఒక మహాసామ్రాజ్యము విలసిల్లుచుండెను. దాని విస్తీర్ణము రెండు మంచములు వేసి, మూడవదానికై తగవుపడునంత. లోకులు దానిని లాన్ అందురు.

ఆ సామ్రాజ్యమునకు ఏలిక ఆ యింటి అల్లుడు. ఆఫీసు ఆ వీధి చివరనే యుండుటచేతను, ఊరిలోని అద్దెలు ఆకాశమును అంటుచుండుటచేతను, ఆ వీరుడు పెండ్లియైన నాటినుండి అత్తవారింటనే విడిసి యుండెను. ఆ యింట టీవీ బావమరిదిది, ఫ్యాను కింది కుర్చీ అత్తగారిది, బీరువా భార్యది, బీరువా పక్కన గోడకున్న మేకు ఒకటి మాత్రము, చొక్కా తగిలించుకొనుటకు, ఆయనది. ఇంటిముందు వట్టి మట్టిగా పడియున్న నేలలో గరిక నాటి, నీరు పోసి, కత్తిరించి, దువ్వినంత పని చేసి, భుజబలముచే ఆర్జించుకొన్న రాజ్యము ఈ లాన్ ఒక్కటే. అక్కడ నిలిచినప్పుడు మాత్రమే ఆయన నడుముపై చేతులు పెట్టుకొనువాడు. పాపం, ఇంట్లో పెట్టుకుంటే ఎవరు ఊరుకుంటారు?

అట్టి రాజ్యముపై శత్రువులు దండెత్తిరి. కంటకకవచధారిణియైన పల్లేరు నేలబారుగా పాకి వచ్చెను. పులిచింత గుంపులు గుంపులుగా దిగెను. పేరు వినిన మురిపెమును, తాకిన దురదను పుట్టించు వయ్యారిభామ గేటు పక్కన నడుము వంచి నిలిచెను. వీరినెల్ల వెనుకనుండి నడిపించుచు, భూగర్భమున గడ్డలు దాచుకొని, ఒక తల తెగిన రెండు తలలెత్తు మాయావి, నిగనిగలాడు ముక్కోణపు కాడవాడు, కలుపుకులచక్రవర్తి తుంగ, సరిగ్గా గరిక నడిబొడ్డున జెండా పాతెను. మన వీరుడు పీకెను, తుంగ మొలిచెను. మరల పీకెను, మరల మొలిచెను. వీరుని వేళ్ళు బొబ్బలెక్కినవి గాని తుంగకు చీమ కుట్టినట్లైనను లేదు.

ఇంతలో ఇంటిలోనే వేరొక ఉపద్రవము తలయెత్తెను. ఒక ఆదివారము మధ్యాహ్నము, భోజనాల బల్ల చుట్టును అందరు కొలువుదీరి యుండగా, బావమరిది కంచములోంచి తలయెత్తి ఇట్లనెను:

“అమ్మా, బుక్ చేసిన కారు వచ్చే నెలలో ఇచ్చేస్తారట. వీధిలో పెడితే ఎవడో ఒకడు గీత గీసి పోతాడు. ఆ గడ్డి తీయించేసి టైల్స్ పరిపిద్దాం. మేస్త్రితో మాట్లాడేశాను.”

తాళపుచెవుల గుత్తి బొడ్డున ఘల్లుమనగా ఆ గృహమును ఏకచ్ఛత్రముగా ఏలు అత్తగారు, బల్లకింద చెప్పులు విడిచి, అరికాళ్ళను చల్లదనమునకై గచ్చుపై ఇటునటు జరుపుచుండిరి.

“ఈ అరికాళ్ళ మంటలు నన్ను చంపుతున్నాయే,” అని కూతురితో అని, ఆపై అల్లునివంక తిరిగి, “గడ్డి గడ్డి అంటారు గానీ అల్లుడుగారూ, దాంట్లో గడ్డికన్నా కలుపే ఎక్కువుంది. దానివల్ల దోమలు తప్ప ఏముంది మనకి?” అనిరి.

ఆ పలుకులు చెవిసోకినంతనే వీరుడు దిగ్గున లేచి, ఎంగిలిచేయి ఆకాశమున కెత్తి, ఫ్యాను రెక్కలు తగులకుండ కొంచెము దించి, ఇట్లు గర్జించెను:

“వినుము శ్వశ్రూదేవీ! వినుము శ్యాలకా! ఈ దేహమున ఊపిరి నిలిచియున్నంతవరకు ఆ హరితధరణిపై ఇటుకగాని, ఇసుకగాని, పలకగాని పడనేరదు! నాకొక్క నెల గడువొసంగుడు! గడువునాటికి ఆ క్షేత్రమున కలుపన్నది ఒక్క మొలకైనను కంటబడెనేని, నా చేతులతో నేనే గరికను సమూలముగా పెరికి, మేస్త్రి పాదములకడ కుప్పవోసెదను! ఇది నా ప్రతిజ్ఞ!”

“కూర్చుని తినండి, చెయ్యి ఎండిపోతోంది,” అంది భార్య.

“సరే, నెల,” అనిరి అత్తగారు. “ఒక్క మొక్క కనిపించినా టైల్సే. మళ్ళీ మాట మార్చకూడదు.”

మరునాడు వీరుడు ఆయుధసేకరణార్థము కలుపుమందుల కొట్టుకు విజయము చేసెను. కొట్టు యజమాని చేతిలోని లెక్కల యంత్రము పక్కనబెట్టి, “ఏ గడ్డి సార్ మీది?” అని అడిగెను.

“మరకతమణిప్రభాభాసురమై, తొలకరి స్పర్శకు పులకించు...”

“అది కాదు సార్. గరికేనా, ఇంకేదైనానా?”

“గరికే.”

“అలా చెప్పండి. గడ్డి ఏదో తెలీకుండా మందు ఇవ్వకూడదు. ఇదిగో, ఈ ప్యాకెట్టు తుంగని చంపుతుంది, గరిక జోలికి పోదు. కానీ నిదానం. కొట్టాక రెండు రోజులు నీళ్ళు పెట్టొద్దు, గడ్డి కొయ్యొద్దు. రంగు మారడానికే వారం పది రోజులు పడుతుంది. పనిచెయ్యలేదని మళ్ళీ మళ్ళీ కొట్టారనుకోండి, గరిక కూడా దెబ్బతింటుంది. ఈ సీసా మాత్రం మంచీ చెడూ చూడదు, పచ్చగా కనిపించిందల్లా చంపేస్తుంది. బాట మీద రాళ్ళ సందుల్లో మొలిచేవాటికి కొట్టుకోండి. వేరే డబ్బా వాడండి. తడి ఆరకుండా దాన్ని తొక్కి లాన్‌లోకి వెళ్ళారో, అడుగు పడ్డచోటల్లా మాడిపోతుంది.”

“మరి వయ్యారిభామ?”

“గ్లవుజులు వేసుకుని పీకెయ్యండి సార్. అది తుంగంత మొండిది కాదు.”

అంత ఆ మహావీరుడు తదుపరి ప్రభాతమున యుద్ధసన్నద్ధుడైన తీరును ఏమని వర్ణింతును! పాదములకు మోకాళ్ళనంటు రబ్బరు బూట్లు, మేనికి వానకోటు, కరములకు గిన్నెలు తోము తొడుగులు, ముక్కునకు నోటికి భార్య పాత ఓణీ, కన్నులకు బావమరిది ఈతకళ్ళద్దాలు, వీపున మందునీటితో నిండి బుడబుడమను పిచికారీ డబ్బా. గాలి పక్కింటి బట్టలవైపు వీచుచున్నదా అని చిటికెడు ముఖపు పౌడరు ఎగురవేసి చూచెను. పౌడరు తిన్నగా ఆయన నెత్తిమీదనే పడెను గనుక గాలి లేదని నిశ్చయించెను.

“ఏమండీ, పక్కింటావిడ చూస్తోంది,” అంది భార్య కిటికీలోంచి.

“చూడనిమ్ము సఖీ! భావితరములకు చెప్పుటకు సాక్షులు వలదా?”

“నాకు స్నానానికి టైమైంది, మీరు కానివ్వండి.”

అప్పుడు వీరుడు గేటుకడ నిలిచి, వయ్యారిభామను జుట్టుపట్టి ఈడ్చి, పల్లేరును ముళ్ళతోసహా పెకలించి, పులిచింతను పిడికిళ్ళతో ఊడబెరికి, పిదప పిచికారీ చేబూని, తాను మందు తడిపిన చోటు తానే తొక్కకుండ వెనుకడుగులు వేయుచు, ఒక్కొక్క తుంగకాడను పేరుపెట్టి పిలిచినట్లు వెదకి వెదకి మందుధారలచే అభిషేకించెను. తరువాత రెండవ డబ్బా నెత్తి, వంటింటి గుమ్మమునుండి లాన్ అంచువరకు పరచిన రాళ్ళ బాటలో, సందుసందునను ఆ సర్వసంహారకమును చిలికెను. కార్యము ముగియగనే నలుదిక్కులకు తిరిగి, “ఓ దిక్పాలకులారా! ఈ మార్గము విషదిగ్ధము! ప్రాణాశ గలవారెవ్వరును దీనిని తొక్కకుందురు గాక!” అని మేఘగంభీరస్వరమున ఘోషించి, ప్రక్క సందుగుండ చుట్టు తిరిగి స్నానాలగదికేగెను. దిక్కులన్నిటికీ చెప్పాడు గానీ, ఇంట్లోవాళ్ళకి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆపై నిరీక్షణము. కత్తియుద్ధముకంటె ఇది కఠినము. తుంగ మునుపటివలెనే నిగనిగలాడుచు, ఏమీ ఎరుగనట్లు తలయూపుచుండెను. వీరుడు ఆఫీసుకు పోవుచు చూచును, వచ్చుచు చూచును, పళ్ళు తోముకొనుచు చూచును. మరొక్క విడత మందు కొట్టుదమని చేయి దురదపెట్టినను, కొట్టు యజమాని హితవు తలచి, ఆ దురదను తలమీద గోకుకొని శాంతించెను. తుదకొక ఉదయమున తుంగ కొసలు పసుపెక్కెను. వీరుడు టూత్‌బ్రష్షు నోటనే ఉంచుకొని జయధ్వానము చేయగా చొక్కా పాడయ్యెను.

కాని ఆ పసుపు తుంగతో ఆగలేదు. మరి రెండు దినములకు, రాళ్ళ బాట చివరనుండి గరికమీదుగా, ఒకదాని ముందొకటిగా, పసుపుపచ్చని పాదముద్రలు తేలెను. లాన్ నడిమికి పోయి, అక్కడ రెండు ముద్రలు పక్కపక్కన మరీ మాడిపోయి, తిరిగి ఆ దారినే బాటకు చేరెను.

“బావా!” అని బావమరిది గట్టిగా నవ్వెను. “మందు తొక్కి లాన్ అంతా తిరిగావా? కలుపు చావలేదు గానీ గడ్డిని నువ్వే చంపుతున్నావు కదా. అమ్మా, చూడు చూడు!”

వీరుడు తన పాదములవంక చూచుకొనెను. తన కాలే తన కొంప ముంచెనా? వంగి, తన రబ్బరు బూటును ముద్రపై ఆనించి చూచెను. బూటు రెండింతలున్నది. ముద్ర చిన్నది, ఎడమ మడమ దగ్గర కొంచెము ఈడ్చినట్లున్నది. తలయెత్తి చూడగా, వంటింటి గుమ్మము ముందర ఒక జత చెప్పులు. అందు ఎడమదాని మడమ అరిగియున్నది. ఆ జత అత్తగారిది.

ఇక చూడుడు ఆ మహామతి ఆలోచనాధార. అత్తగారు పొద్దున్నే, ఎవరును లేవకముందో, లేచినవారు చూడనప్పుడో, లాన్ నడుమకు వత్తురు. అక్కడ చెప్పులు విడుతురు. ఆ విడిచిన చోటే ఆ రెండు మచ్చలు అంతగా మాడినవి. ఆపై ముద్రలు లేవు, ఏలయన ఆమె ఉత్తకాళ్ళతో, మండుచున్న అరికాళ్ళతో, తెల్లవారుజాము చల్లదనము పట్టిన గరికపై నడతురు. నడచి నడచి చెప్పులు తొడిగికొని, ఏమియు ఎరుగనట్లు వంటింటికి వత్తురు. దోమలు తప్ప ఏముందని అడిగినది ఈమెయే!

వీరుని నోట శతఘ్నివలె మాట పేలవలసిన తరుణమది. సభ సిద్ధము, సాక్ష్యము సిద్ధము, చెప్పుల జత సిద్ధము. గుమ్మములో అత్తగారు పమిటచెంగు వేలికి చుట్టుకొనుచు, నేలచూపులు చూచుచు నిలిచియుండిరి. ఆ ముఖము చూడగా వీరునికి ఎందుకో జాలి వేసింది. ఈ ఇంట్లో దాక్కునే చోటు అవసరమైంది తనకొక్కడికే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

“నేనే,” అన్నాడు. “తడి ఆరకముందే తొక్కాను.”

జీవితమున ఆయన చేసిన ప్రసంగములలో అత్యల్పమైనది ఇదియే. అత్తగారు లోపలికి పోయిరి. ఆ పూట ఆయనకు మాత్రము అడగకుండానే రెండవసారి టీ వచ్చెను.

గడువు ముగియు ఆదివారము రానే వచ్చెను. మాడిన అడుగులను గరిక అంచులనుండి పాకి సగము పూడ్చినది. తుంగ ఎండి, గడ్డిపరకలై, గాలికి లేచిపోయినది. బావమరిది టేపు పట్టిన మేస్త్రిని వెంటబెట్టుకొని వచ్చి, మోకాళ్ళపై వంగి, ఫోను కెమెరాలో నేలను పెద్దది చేసి చూచుచు, గేటుకడనుండి అంగుళమంగుళము గాలింపు మొదలిడెను. వీరుడు నడుముపై చేతులు పెట్టుకొని ధీరగంభీరముగా నిలిచెను.

అంతలో ఆయన కంట పడెను. లాన్ నడిబొడ్డున, మాడిన చెప్పుల మచ్చల పక్కన, అగ్గిపుల్లంత ఎత్తున, లేతపచ్చగా, ముక్కోణపు కాడతో, ఒంటరిగా, సిగ్గులేక నిలిచియున్నది తుంగ! వీరుని చేతులు నడుముమీదినుండి తామే జారినవి. వంగి పీకినచో దొరికిపోవును; పీకకున్నచో రాజ్యము పోవును. బావమరిది కెమెరా ఇంకొక నాలుగు అడుగుల దూరములో పాకి వచ్చుచున్నది.

అప్పుడు వంటింటి గుమ్మమునుండి, తాళపుచెవులు ఘల్లుఘల్లుమన, ఎడమకాలు కొంచెము ఈడ్చుచు, అత్తగారు వెడలివచ్చిరి. బాట దాటిరి. లాన్ నడిమికి వచ్చి, అందరు చూచుచుండగా చెప్పులు విడిచి, కుడి అరికాలు తెచ్చి సరిగ్గా ఆ తుంగ నెత్తిన మోపి, నిలిచిరి.

“కొంచెం పక్కకి జరగమ్మా, అక్కడ చూడాలి,” అన్నాడు కొడుకు.

“జరగను.”

“ఏం?”

“అరికాళ్ళు మండుతున్నాయిరా. ఇక్కడ చల్లగా ఉంది.”

“చల్లగా ఏంటమ్మా? దోమలు తప్ప ఏం లేదన్నావు!”

“అన్నాను. రోజూ పొద్దున్నే వచ్చి నడుస్తాను కూడా. నీకు చెప్పి నడవాలా?” అని, మేస్త్రివైపు తిరిగి, “నువ్వు చెప్పు నాయనా. నువ్వు పరిచే రాళ్ళమీద ఎండపూట ఇలా ఉత్తకాళ్ళతో నిలబడగలనా?”

మేస్త్రి టేపును చుట్టుకొనుచు, “కాలతాయమ్మా. పెనంలాగ కాలతాయి,” అనెను.

“విన్నావుగా. కారుకి గుడ్డ కప్పుకో. అల్లుడుగారూ, ఆ ఫ్యాను కింది కుర్చీ తెచ్చి ఇక్కడ వెయ్యండి.”

వీరుడు పరుగున పోయి సింహాసనమును తెచ్చెను. అత్తగారు పాదము ఎత్తకుండనే దానిపై ఆసీనులైరి. బావమరిది గొణుగుచు, మేస్త్రి నవ్వుచు గేటు దాటిరి. గేటు చప్పుడు వినబడిన పిమ్మటనే ఆమె పాదము తీసిరి. తుంగ నేలకు అంటుకొనిపోయి, సాష్టాంగము చేయుచున్నట్లుండెను.

“గడ్డతో సహా తీయండి, లేకపోతే మళ్ళీ లేస్తుంది,” అని మెల్లగా చెప్పి, ఆయన వంగి తవ్వుచుండగా మరల అనిరి: “ఈసారి మందు కొట్టేరోజు నాకు ముందే ఒక మాట చెప్పండి. చెప్పులు వేరేవి వేసుకొస్తాను.”

ఎల్లలోకములకు చాటి చెప్పుచున్నాను, వినుడు! ఒక నెల మహాసంగ్రామానంతరము, రెండు డబ్బాల మందును, ఒక మడమ అరిగిన చెప్పుల జతయు, ఒక అరికాలును ఏకమై, కలుపుకులచక్రవర్తి తుంగను, కందిగింజంత గడ్డతో సహా సమూలముగా పెకలించి, ఒక పాదము పట్టునంత భూమిని శాశ్వతముగా జయించినవి! ఆ విజయఘోష దిక్కులన్నిటికి ప్రాకెను. కారు వీధిలోనే ఉంటోంది, ఫ్యాను కింద కుర్చీ లేదు.