పసుపు గీత

మానవుడు చక్రాన్ని ఎప్పుడో కనిపెట్టాడు. దాని నట్లు బిగించే అధికారం ఎవరిదన్న సంగతి మాత్రం 2007లో అచ్యుతాపురంలోని ఒక మందుల కంపెనీ తేల్చేదాకా అలాగే ఉండిపోయింది.

ఆ అధికారం రవాణా భద్రతాధికారి శ్రీరామచంద్రమూర్తిది. ఆయన శిక్షణకు వెళ్లి, నట్లను వరసగా కాక ఎదురెదురుగా బిగించాలనీ, కొంత దూరం నడిపాక మళ్లీ బిగించాలనీ, ఆపైన నట్టుకీ రిమ్ముకీ కలిపి పసుపు గీత గీయాలనీ నేర్చుకొచ్చాడు. గీత విడిపోతే నట్టు వదులైనట్టు. వీటిలో ఆయనకు గీయడం బాగా పట్టుబడింది. (బిగువు కొలిచే పానా కూడా కొన్నారు. వాడితే పాడవుతుందని అద్దాల బీరువాలో పెట్టారు.) డ్రైవర్ల పానాలు మాత్రం వెనక్కి తీసేసుకున్నారు.

కశింకోట నుంచి అనకాపల్లి మీదుగా వెళ్లే కంపెనీ బస్సులో, వెనక చక్రం మీది సీటు స్వర్ణకుమారిది. మాత్రలు ప్యాకింగ్ చేసే కాంట్రాక్టు మనిషి. కొద్దిరోజులుగా ఆమె కాళ్ల కింద టకటకమంటోంది. దిగిపోతే ఆబ్సెంటు, కాంట్రాక్టరు వేరే మనిషిని పెట్టుకుంటాడు.

"నూకరాజు బాబూ, సెక్రం సప్పుడు సేత్తంది, ఓపాలి సూడు," అంది డ్రైవరుతో.

"సూడొచ్చు పిన్నీ, ముట్టుకోకూడదు. మెమో ఇత్తారు."

కంపెనీ గేటు దగ్గర ఆమె మూర్తిగారినే ఆపింది. ఆయన వంగి చూశాడు. గీతలు విడిపోయి ఉన్నాయి. ముఖం గంభీరంగా పెట్టి, పాత గీతలు కిరసనాయిలుతో తుడిపించి, నట్టు ఎక్కడుంటే అక్కడే కొత్తగా, నిటారుగా గీశాడు.

"ఇప్పుడు కలిసింది కదమ్మా."

"గీత కాదండి, నట్టు బిగించండి. నాకు బయ్యంగా ఉంది."

"బిగించాలంటే అప్లికేషన్ పెట్టాలి. అందుకు ముందు గీత విడిపోయి ఉండాలి."

మర్నాడు అనకాపల్లి చేరకుండానే ఆ చక్రం ఊడి చెరకుతోటలోకి వెళ్లిపోయింది. బస్సు ఒరిగింది. స్వర్ణకుమారి చెయ్యి విరిగింది.

విచారణ సంఘం తోటలో నట్లు ఏరించి పరిశీలించింది. గీత సగం నట్ల మీద, సగం రిమ్ము మీద చెక్కుచెదరకుండా ఉంది. కాబట్టి నట్లు వదులు కాలేదనీ, చక్రమే అనుమతి లేకుండా బయటికి వెళ్లిందనీ తేల్చింది. మూర్తిగారికి ప్రశంసాపత్రం, ప్రతి బస్సుకీ ఒక పెయింటు డబ్బా మంజూరయ్యాయి.

వేరే మనిషి రాకముందే రావాలని, వారం తిరక్కుండా చేతికట్టుతోనే స్వర్ణకుమారి బస్సెక్కింది. ఆమె సీటులో పెయింటు డబ్బా ఉంది. బస్సు ఒరిగితే ఒలికిపోతుందని దాన్ని తాళ్లతో భద్రంగా కట్టారు. ఆమె మిగిలిన చేత్తో రాడ్డు పట్టుకుని, దాని పక్కనే నిలబడింది.